నా వంతుకు నిగ్రహం

మార్చి 2, ఆదివారం

పాస్టరు గారి భార్య టోపీలోంచి చీటీ తీశాను. నిగ్రహం అని వచ్చింది.

చదివి వినిపించగానే చర్చి అంతా నవ్వింది. "టెకురాకి నిగ్రహమట" అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, పక్కింటి రెపెకానే. ఆ గొంతు నాకు తెలియదా. మా ఆయన టారా గాయకుల వరుసలో నిలబడి అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు.

ఇది పాస్టరు గారికి వచ్చిన కొత్త ఆలోచన. సంఘంలో ప్రతి ఆడమనిషీ ఒక సద్గుణం చీటీ తీసుకోవాలి. నలభై రోజులు దాన్ని ఇంట్లో, తోటలో, దారిలో పాటించాలి. రోజూ నోటుబుక్కులో రాసుకోవాలి. దేవుడు తప్ప ఎవరూ చదవరట. నలభై రోజులయ్యాక అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి.

మా కుట్టు సంఘం పునంగాకి సంతోషం అనే చీటీ వచ్చింది. రాదా మరి. ఆమె ముప్పై రెండు పళ్ళూ ఎప్పుడూ ఎండలోనే ఉంటాయి.

నా నిగ్రహం నోటితో మొదలుపెడతాను. పై మాట లెక్కలోకి రాదు. అది రాత, మాట కాదు.

మార్చి 3, సోమవారం

ఎవరినీ ఏమీ అనలేదు. టారా వలతో వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చాడు. అయినా ఏమీ అనలేదు. అన్నం ముందు కూచుని నా మొహం రెండుసార్లు చూసి, "ఏమే, ఒంట్లో బాగాలేదా" అని అడిగాడు.

మార్చి 5, బుధవారం

కుట్టు సంఘం వాళ్ళందరినీ అకాయితీ అత్త తన ఇంటికి పిలిపించింది. పద్నాలుగు మందిమీ వెళ్ళాం.

అత్త మా నాన్నకి అక్క. ఎనభై ఆరేళ్ళు. నా చేతికి కత్తెర ఇచ్చి, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నేర్పింది ఆవిడే. ఇప్పుడు కిడ్నీలు పోయాయి. పెద్ద దీవి రరోటొంగాలో ఆసుపత్రికి రమ్మంటే రానంది. "మన మావుకే దీవిలో పుట్టాను, విమానంలో చావమంటారా" అంది. నెల, మహా అయితే నెలన్నర అని నర్సు నాతో చెప్పింది.

మంచం కింద పెట్టె లాగి మూత తీయమంది. లోపల కలరా ఉండలు తప్ప ఏమీ లేవు. ఒక బట్టని మడిచి పువ్వులుగా కోసి, ఇంకో బట్ట మీద పరిచి, జీవితంలో అరవైకి పైగా తివైవై దుప్పట్లు కుట్టిన మనిషి. పెళ్ళికి ఒకటి, పురుటికి ఒకటి, వెళ్ళిపోయే పాస్టరుకి ఒకటి, ఎవరు పోతే వాళ్ళ మీదికి ఒకటి. అన్నీ ఇచ్చేసింది. తన మీద కప్పడానికి ఒక్క దుప్పటి మిగల్లేదు. మా దీవిలో తివైవై లేకుండా మట్టిలోకి ఎవరూ వెళ్ళరు.

"తెల్ల బట్ట మీద ఎర్ర మందారాలు కావాలి. నేను కళ్ళతో చూసి పోవాలి. తొందరగా కానివ్వండి" అంది.

నేను అప్పటికే లేచి నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో పెద్ద దుప్పట్లకి బట్ట కోసేది నేనే.

"కత్తెర పునంగాకి ఇవ్వండి" అంది అత్త.

"మంచిది అత్తా" అన్నాను. అందరికన్నా ముందు నేనే అన్నాను. అందరూ నన్ను చూశారు. చూడనివ్వండి.

మార్చి 6, గురువారం

వంట చేశాను. పందులకి మేత వేశాను. ఇంకేమీ లేదు.

మార్చి 7, శుక్రవారం

నిన్న రాయనిది ఈవాళ రాస్తాను.

పునంగా ఈ దీవికి వచ్చి రెండేళ్ళయింది. పన్నెండేళ్ళప్పుడు వెళ్ళిపోయింది. న్యూజిలాండులో, టొకొరోవాలో, ఆసుపత్రి బట్టలు ఉతికే చోట ముప్పై ఏళ్ళు పనిచేసింది. మొగుడు పోయాక తల్లి ఇంటికి తిరిగొచ్చింది. వచ్చినప్పుడు మన మాట కూడా తడబడుతూ మాట్లాడేది. కత్తెర ఎక్కడ నేర్చుకుందో ఎవరికీ తెలియదు. "అక్కడ మనవాళ్ళు ఆదివారాలు కూచుని కోసుకునేవాళ్ళం అక్కా" అంటుంది. అక్కడ కోసుకున్నది కూడా ఒక కోతేనా.

నేను బట్ట మీద ముందు సుద్దతో గీస్తాను. అత్త నేర్పిన పద్ధతి. దిండు గలీబులు కోసేటప్పుడు చూశాను, పునంగా గీయదు. మడత వేస్తుంది, కత్తెర పెడుతుంది, ఎవరితోనో మాట్లాడుతూ, నవ్వుతూ తిప్పుకుంటూ పోతుంది. బట్ట విప్పితే ఆకులు గాలికి పక్కకి వాలినట్టు ఉంటాయి. అందరూ "అబ్బ" అంటారు. ఇరవై రెండేళ్ళలో నేను విప్పినప్పుడు "బాగుంది టెకురా" అన్నారు. "అబ్బ" అని ఎవరూ అనలేదు.

దుప్పటికి కోసినవాళ్ళ పేరే ఉంటుంది. ఇది టెకురా మందారం, అది అకాయితీ తామర అంటారు. కుట్టినవాళ్ళు పద్నాలుగు మంది అయినా, వేళ్ళు చిల్లులు పడ్డా, ఆ పేర్లు ఎవరికీ గుర్తుండవు. మా అత్త పునంగా పేరు కప్పుకుని పోతుంది. నేను దాని అంచు కుడతాను.

నాకు కడుపు మండుతోంది. దేవుడికి తెలిసిందే కదా, రాస్తే తప్పేముంది.

ఎవరినీ ఏమీ అనలేదు.

మార్చి 9, ఆదివారం

పునంగా కొత్త టోపీ పెట్టుకుని వచ్చింది. లేత కొబ్బరి ఆకులతో తనే అల్లుకుందట. తెల్లగా, అంచున చిన్న గవ్వలు. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో కూడా అటు చూశారు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

మధ్యాహ్నం ఆమె ఇంటికి నాలుగు చేమదుంపలు, కొబ్బరిపాలలో వండిన ఆకుకూర పట్టుకెళ్ళి ఇచ్చాను. నిగ్రహం అంటే నోరు మూసుకోవడం ఒక్కటే కాదు, ఇష్టం లేని పని నవ్వుతూ చేయడం కూడా అని తోచింది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీకు కోపం వచ్చిందేమోనని రెండు రోజులు నిద్రపట్టలేదు అక్కా" అంది.

"నాకెందుకు కోపం" అన్నాను.

నా పెద్ద కత్తెర ఇద్దామని సంచిలో పెట్టుకునే వెళ్ళాను. ఇవ్వలేదు.

మార్చి 11, మంగళవారం

కోత అయింది. పాడయింది. నేనేమీ అనలేదు.

మార్చి 12, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంఘం గదిలో చాప పరిచి ఎర్ర బట్ట నాలుగు మడతలు వేసింది పునంగా. బాగానే వేసింది. అప్పుడే అత్త ఇంటి నుంచి కబురు వచ్చింది, పునంగాని ఒకసారి రమ్మంటోందని. ఆమె లేచి వెళ్ళింది. ఇంతలో జల్లు కొట్టింది. కిటికీ రెక్కలోంచి నీళ్ళు చాప మీదకి వస్తున్నాయి. "బట్ట తడుస్తుంది" అని రెపెకా ఒక కొస పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. పక్కకి జరిపి గోడవారగా పెట్టాం. వాన ఆగాక మళ్ళీ తెచ్చి చాప మీద పెట్టాం.

నాలుగు మడతలు వేసిన బట్టకి ఒక మూల మడతలన్నీ కలుస్తాయి. దాని ఎదురు మూల అంచులు విడివిడిగా ఉంటాయి. పువ్వు గుండె మడతల మూలలోనే ఉండాలి. విడి మూలను గుండె అనుకుని కోస్తే బట్ట నాలుగు ముక్కలవుతుంది. ఇది ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. కత్తెర పెట్టేముందు ఆ మూలను చేత్తో తడిమి చూసుకోవాలి. అది కోసేవాళ్ళ బాధ్యత.

పునంగా తిరిగొచ్చింది. అత్త ఏం చెప్పిందో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముక్కు తుడుచుకుంది. కూచుంది. ఎప్పటిలా తడమలేదు. కత్తెర పెట్టింది.

విప్పాక ఎవరూ "అబ్బ" అనలేదు. నాలుగు ముక్కలు నాలుగు పక్కల పడ్డాయి. పునంగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

బట్టను తిప్పి పెట్టింది నేను కాదు. రెపెకా తిప్పింది. నేను రెండో కొస పట్టుకున్నాను, అంతే.

మార్చి 13, గురువారం

ఊరంతా పునంగా ఇంట్లోనే ఉంది. ఒకరు కోడిని కోసి పట్టుకెళ్ళారు. ఒకరు అరటిపళ్ళ పాయసం. పాస్టరు గారి భార్య ప్రార్థన చేసి వచ్చింది. బట్ట పాడుచేసిన మనిషికి విందు. నేను ఇరవై రెండేళ్ళు ఒక్క బట్ట పాడుచేయలేదు, ఒక్క కోడి కూడా రాలేదు.

రరోటొంగా నుంచి కొత్త బట్ట వచ్చేసరికి వారం. తిరిగి కోసి కుట్టడానికి మూడు వారాలు. అత్తకి అంత టైము లేదని నర్సు అంటోంది. అత్తకి ఏమీ చెప్పవద్దని సంఘంలో అనుకున్నారు. అంగట్లో పూల చీటీగుడ్డ ఉంది, అది కప్పుదామని రెపెకా అంది. అకాయితీకి చీటీగుడ్డ.

ముక్కల బట్ట శవం మీద కప్పరు. అది అందరికీ తెలుసు. అందుకే ఆ ముక్కల వైపు మళ్ళీ ఎవరూ చూడలేదు.

మార్చి 14, శుక్రవారం

రెపెకా వచ్చింది. మాటల్లో నేనే అన్నాను, "మనం జరిపినప్పుడు నువ్వు ఎటు పెట్టావో చూసుకోలేదేమో" అని.

"నేనెక్కడ పెట్టాను" అంది రెపెకా. "ఆ పూట నా మోకాలు పట్టేసింది కదా, గోడ దగ్గరే వదిలేశాను. చాప మీదకి నువ్వే ఒక్కదానివే ఎత్తి తెచ్చావు."

అవునా. గుర్తులేదు.

మార్చి 15, శనివారం

గుర్తుంది.

కావాలని తిప్పలేదు. ఇది నిజం. బట్ట ఎత్తి తెచ్చి పెట్టాను, ఏ మూల ఎటుందో అప్పుడు చూడలేదు. పునంగా వచ్చి కూచున్నాక చూశాను. విడి అంచులు ఆమె మోకాలి దగ్గర ఉన్నాయి. నాలుగు అంచులు, ఒకదాని మీద ఒకటి, బట్ట అంచుకి ఉండే తెల్ల దారంతో సహా కనబడ్డాయి. ఆమె కత్తెర తెరిచింది. "పునంగా, మూల" అంటే చాలు. రెండు మాటలు.

నేను నిగ్రహించుకున్నాను.

అలాగే అనుకున్నాను కూడా, ఆ మాటతోనే. ఇంకొకరి పనిలో వేలు పెట్టకూడదు, నోరు జారకూడదు, ఇది నా వంతు కదా అని. ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. కత్తెర మొదటి చప్పుడుకి ఇంకా హాయిగా అనిపించింది.

ఇంకొకటి. ఆ ముక్కల్ని ఒక్కొక్కటీ అటు తిప్పి ఇటు పెడితే గుండెలు నాలుగూ మధ్యలోకి వస్తాయి. విప్పిన క్షణంలోనే నాకు కనబడింది. అతుకు కనబడకుండా కుట్టే కుట్టు ఒకటుంది. అత్త దాన్ని నాకు ఒక్కదానికే నేర్పింది. నాలుగు రోజులుగా నేను ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

చర్చి అయ్యాక అత్త దగ్గరికి వెళ్ళాను. నా అంతట నేను వెళ్ళలేదు, పిలిపించింది. చేతులు వాచి నున్నగా మెరుస్తున్నాయి. తలగడ సర్దాను.

"దుప్పటి ఎంతవరకు వచ్చింది పిల్లా" అంది. నాకు అరవై ఒకటి. ఆవిడకి నేను ఇంకా పిల్లనే.

"కుడుతున్నారు" అన్నాను.

"కుడుతున్నారా, కుడుతున్నామా?"

తలగడ మళ్ళీ సర్దాను. ఆవిడే అంది. "నామీద అలిగావు. మొన్న మంచిది అత్తా అన్నావు చూడు, ఆ గొంతు వినగానే తెలిసింది. చిన్నప్పుడు నీ బొమ్మ నీ చెల్లెలికి ఇప్పిస్తే కూడా ఇలాగే మంచిది అన్నావు. తరవాత బొమ్మ తల బావిలో దొరికింది."

అప్పుడు ఇక ఆగలేకపోయాను. "నేనేం తక్కువ చేశాను అత్తా? నా చేతిలో ఏం లోపం ఉంది? అంతమందిలో ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?" అన్నాను. ఏడ్చాను కూడా. గట్టిగానే ఏడ్చాను.

అత్త ఓపిగ్గా విన్నది. తరవాత అంది, "నీ చేతిలో లోపమేం లేదే. నీ పువ్వులు నా పువ్వులే. నేర్పింది నేనే కదా. అవే మందారాలు ఎనభై ఏళ్ళుగా చూసి చూసి విసుగొచ్చింది. పోయేముందు వేరే మందారం ఒకటి చూడాలనిపించింది. అంతే. దానికి ఇంత గొడవ చేస్తావేమిటి."

అంతే.

నేను పదకొండు రోజులుగా లోపల్లోపల కాలిపోతున్నది దీనికి. ముసలావిడకి విసుగొచ్చిందట.

"చూసి పోతానుగా?" అని అడిగింది నేను లేస్తుంటే. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "నాకు ఎవరూ సరిగా చెప్పడం లేదు టెకురా. ఏదో దాస్తున్నారు. నువ్వు చెప్పు, చూసి పోతానా?"

"చూస్తావు అత్తా" అన్నాను.

మార్చి 17, సోమవారం

పొద్దున్నే స్కూటరు మీద పునంగా ఇంటికి వెళ్ళాను. జుట్టు దువ్వుకోలేదు, మొహం వాచి ఉంది. పళ్ళు కనబడలేదు. చూడగానే నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"ఆ ముక్కలు తీసుకురా" అన్నాను.

"వాటిని తగలబెడదామనుకున్నాను అక్కా."

"తీసుకురా అంటున్నాను కదా."

నేల మీద తెల్ల దుప్పటి పరిచి, నాలుగు ముక్కల్నీ ఒక్కొక్కటీ తిప్పి పెట్టాను. ఆమె చూస్తూ నిలబడింది. నాలుగోది పెట్టేసరికి మోకాళ్ళ మీద కూలబడింది. మధ్యలో మందారం విచ్చుకుని ఉంది. ఆకులు ఒక పక్కకి వాలి ఉన్నాయి. చాలా బాగుంది. ఎంత బాగుందంటే, నాకు మళ్ళీ కడుపులో మంట మొదలైంది.

"అతుకు సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

పునంగా నా చేతులు పట్టుకుంది. "ఇది మీకు ఎప్పుడు తట్టింది అక్కా?"

"నిన్న" అన్నాను.

మార్చి 20, గురువారం

పద్నాలుగు మందిమీ పొద్దుటి ప్రార్థన నుంచి చీకటి పడేదాకా కుడుతున్నాం. నా చోటు మధ్యలో, అతుకు దగ్గర. పునంగా నా పక్కనే. ఆమె నవ్వు తిరిగొచ్చింది.

మార్చి 24, సోమవారం

రోజంతా ఆమె కోసిన గీత వెంటే నా సూది నడవాలి. నేనైతే ఆకు కొసను సూటిగా తీసేదాన్ని. ఆమె చివర్లో కొంచెం వంచింది. ఎందుకు వంచింది అనుకుంటూ కుట్టాను. కుట్టాక తెలిసింది ఎందుకో. ఆ వంపు లేకపోతే ఆకు చచ్చిపడి ఉన్నట్టు ఉండేది.

నా మందారాల్లో ఆకులన్నీ సూటిగా ఉంటాయి.

మార్చి 27, గురువారం

వేలు పుండయింది. రెపెకా అందరి ముందూ అంది, "ఈ నెలలో టెకురా నోటి నుంచి ఒక్క ముల్లు కూడా రాలేదు. పాస్టరు గారి చీటీకి మహిమ ఉంది" అని. అందరూ అవునన్నారు. పునంగా నా భుజం మీద చెయ్యి వేసింది.

లేచి వెళ్ళి అందరికీ టీ పోశాను.

మార్చి 30, ఆదివారం

ఆదివారం సూది ముట్టకూడదు. పాస్టరు గారు పర్వాలేదన్నారు, ఇది ప్రేమ పని అని. కుట్టాను.

ఏప్రిల్ 1, మంగళవారం

అయింది.

ఏప్రిల్ 2, బుధవారం

దుప్పటి పట్టుకుని అందరం అత్త ఇంటికి వెళ్ళాం. గుమ్మం దగ్గర నిలబడి పాట పాడి, లోపలికి వెళ్ళి మంచం మీద పరిచాం. అత్తని ఇద్దరు పట్టుకుని కూచోబెట్టారు.

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. తరవాత "అబ్బ" అంది.

ఇరవై రెండేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశాను. వచ్చింది. పునంగాకి.

అప్పుడు అత్త చెయ్యి చాచి పువ్వు మధ్యలో తడిమింది. వాచిన వేళ్ళు. ఇంకెవరి వేళ్ళకీ దొరకదు అది. ఆగిపోయింది. "ఇక్కడ అతుకుంది" అంది. "ఇది టెకురా కుట్టు. ఒక్క బట్టలో అతుకెందుకొచ్చింది?"



"తప్పు నాదే అత్తా" అంది పునంగా. "మూల చూసుకోకుండా కోసేశాను. బట్ట నాలుగు ముక్కలైంది. టెకురక్కే నిలబెట్టింది."

అత్త నా వైపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "మూల చూసుకోవాలి అమ్మాయ్" అంది పునంగాతో. పడుకుంటానంది.

నేను అక్కడే ఉన్నాను. మంచం కాళ్ళ దగ్గర. నోరు ఉంది. మాట ఉంది. మాట్లాడలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

తెల్లవారగానే అత్త పోయింది.

ఏప్రిల్ 5, శనివారం

ఇంటి ముందు, మామయ్య సమాధి పక్కనే పెట్టారు. దుప్పట్లో చుట్టి. మందారం గుండె మీదకి వచ్చేలా నేనే సర్దాను. "పునంగా మందారం" అని పాస్టరు గారు చెప్పారు. అందరికీ వినబడేలా చెప్పారు.

అత్తకి తెలుసు. నా వైపు చూసిన చూపులో ఉంది. తెలిసీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

చెప్పేదాన్నా.

ఏప్రిల్ 11, శుక్రవారం

నలభై రోజులు నిండాయి. ఈ పుస్తకాన్ని మొదటి నుంచి చదివాను. "ఎవరినీ ఏమీ అనలేదు" అని ఎన్నిసార్లు రాశానో.

టారాతో చెప్పాను. అంతా చెప్పాను. వల బాగుచేసుకుంటూ విన్నాడు. ఏమీ అనడేమిటని అడిగితే, "నాకు చెబితే ఏం లాభమే, బట్ట నాది కాదుగా" అన్నాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

సాక్ష్యాలు. సంతోషం చీటీ వచ్చిన పునంగా లేచి, బట్ట పాడైన రోజు తనకి సంతోషం ఎక్కడా కనబడలేదని, టెకురక్క గుమ్మంలో కనబడ్డప్పుడే మళ్ళీ వచ్చిందని చెప్పింది. రెపెకాకి దయ వచ్చింది, పక్కింటి కుక్కకి అన్నం పెట్టానని చెప్పింది. అందరూ నవ్వారు. అది మా కుక్కే.

నా వంతు రాకముందే పాస్టరు గారు అన్నారు. "ఈ నలభై రోజుల్లో అందరికన్నా బాగా నిలబడింది మన టెకురా. ఆ రోజు సంఘం గదిలో ఎవరికైనా నోటికి ఎంత మాట వచ్చేదో ఆలోచించండి. ఆమె ఒక్క మాట అనలేదు. అదీ నిగ్రహం." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఇరవై రెండేళ్ళలో రాని చప్పట్లు.

ఒక్క వందనం చెప్పి కూచుంటే సరిపోయేది.

లేచి నిలబడి చెప్పాను. బట్టను తెచ్చి పెట్టింది నేనని. మూల తప్పుగా ఉందని చూశానని. కత్తెర తెరిచినప్పుడు చూశానని, కోస్తుంటే చూశానని. ముక్కలు కలుస్తాయని ఆ క్షణంలోనే తెలిసినా ఆరు రోజులు ఉంచుకున్నానని. అత్త అడిగినప్పుడు పునంగా తప్పు తన మీద వేసుకుంటే నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి విన్నానని. "కుళ్ళుకున్నాను. ఆమె నాకన్నా బాగా కోస్తుంది. దానికి" అన్నాను.

పునంగా నన్ను చూస్తూ ఉంది. అప్పుడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనకే రెపెకా, ఆమె వెనక ఇంకా కొందరు. నా బెంచీ ఖాళీ అయింది.

పాట మొదలుపెట్టాలి, ఎవరూ మొదలుపెట్టడం లేదు. టారా గాయకుల వరుసలోంచి దిగి, చర్చి అంతా నడిచి వచ్చి నా పక్కన కూచున్నాడు. ఆడవాళ్ళ బెంచీలో.

ఏప్రిల్ 14, సోమవారం

పునంగా ఇంటికి వెళ్ళాను. తలుపు తీయలేదు. లోపల ఉంది, చెప్పులు బయటే ఉన్నాయి.

ఏప్రిల్ 17, గురువారం

మళ్ళీ వెళ్ళాను. ఈసారి తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"నా చేతులు పాడయ్యాయనుకున్నాను అక్కా" అంది. "ఆరు రోజులు. ఆ కత్తెర చూస్తే భయమేసేది. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. మీరు చేమదుంపలు తెచ్చి ఇచ్చారు, అది ముందు. తరవాత ఇలా చేశారు. ఏది మీరు?"

"రెండూ" అన్నాను.

"అత్త నన్నే తప్పుబట్టి పోయింది" అంది. తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. మెల్లగానే వేసింది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టరు. చర్చికి వెళ్ళాను. చెయ్యి కలిపినవాళ్ళు కలిపారు.

ఏప్రిల్ 29, మంగళవారం

కుట్టు సంఘానికి వెళ్ళకూడదనుకున్నాను. టారా స్కూటరు బయట పెట్టి తాళం నా చేతిలో పెట్టాడు.

ఆకుపచ్చ బట్ట. పాస్టరు గారి కూతురు పెళ్ళికి. పద్నాలుగు మందీ ఉన్నారు. నేను గుమ్మం దగ్గర కూచున్నాను. ఎవరూ నా పక్కకి రాలేదు. ఎవరూ లేచి పోలేదు కూడా.

పునంగా మడతలు వేసింది. కత్తెర తీసుకుంది. తెరవలేదు. తరవాత తల ఎత్తకుండానే అంది, "టెకురక్కా. ఇటు రండి. మూల చూడండి."

లేచి వెళ్ళాను. వంగి తడిమి చూశాను. మడతలు నాలుగూ దగ్గరగా, చల్లగా ఉన్నాయి.

"సరిగ్గా ఉంది" అన్నాను.

నా మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. తరవాత తన చేత్తో ఆ మూలను మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుంది. ఎదురు మూల కూడా చూసుకుంది. అప్పుడు కోసింది.